గాలి లేని సోమవారం

దీవిలో అందరూ ఆమెను గాలక్క అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద ఉండేది గాని, దాన్ని పలికినవాళ్లు లేరు. ఆమె పని చేసేది విమానాశ్రయంలో. ఆ మాట విని పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. గడ్డి మధ్యలో ఒక నల్లటి దారి, దాని పక్కన రేకుల కప్పు వేసిన హాలు, హాల్లో ఆరు బెంచీలు, ఒక కౌంటరు, సామాను తూచే కాటా. అంతే. హాలు వెనక ఇనుపమెట్లెక్కితే మేడ మీద ఒక ఇరుకు గది. ఆ గది గాలక్కది.

గది కప్పు మీద మూడు గిన్నెలు గిరగిరా తిరుగుతుండేవి. అవి ఎంత జోరుగా తిరిగితే కింద అద్దం వెనక ముల్లు అంత పైకి లేచేది. ఆమె ఆ ముల్లు చూపించిన అంకెను పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, అవతలి ఒడ్డునున్న కంపెనీ ఆఫీసుకు ఫోన్లో చెప్పాలి. అంకె ముప్పై లోపుంటే విమానం బయల్దేరుతుంది, దాటితే ఆగిపోతుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున ఎనిమిదింటికి దీవి మొత్తం ఆమె నోటి వంక చూస్తూ ఉండేది.

అంతకుముందు ఓడ ఉండేది. ఇరవై గంటల ప్రయాణం, దారంతా వాంతులు. అయినా చేర్చేది. విమానం వచ్చిన కొత్తలో జనం దాని మీద ఎగబడ్డారు. ఓడ ఖాళీగా తిరిగీ తిరిగీ రెండేళ్లకు ఆగిపోయింది. దాన్ని ఎవరో పాతసామాను వర్తకుడు ముక్కలు చేసి పట్టుకుపోయాడు. గాలక్క మొగుడు ఆ ఓడలో ఇంజను మేస్త్రీ. ఓడ పోయాక ఇంటి ముందు కూర్చుని నీళ్ల పంపులు బాగుచేసేవాడు. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒక్కటే మిగిలితే అదెవర్ని కోస్తుందో ఎవడూ చెప్పడే!" అని వచ్చినవాళ్లందరితో అనేవాడు. పెళ్లాం ఆ కత్తి దగ్గరే కొలువు చేస్తోందని ఎవరైనా ఎత్తిపొడిస్తే నవ్వి ఊరుకునేవాడు. ఇద్దరిలో నెల తిరిగేసరికి జీతం తెచ్చేది ఆమే మరి.

విమానం రాకపోతే ఎవరి బాధ్యత అన్నదానికి ఒక నియమం ఉండేది. వాతావరణం బాగోలేక ఆగితే కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. ప్రయాణికులకు తిండి పెట్టక్కర్లేదు, పడక చూపక్కర్లేదు, మరో విమానం పంపక్కర్లేదు. అదే తన అవసరం కొద్దీ ఆపితే మర్నాటికల్లా ఇంకో విమానం పంపి తీరాలి. ఈ నియమం దీవిలో గాలక్క కంటే బాగా తెలిసినవాడు ఒక్కడే. ఆయన స్టేషన్ మేనేజరు. మెత్తటి మనిషి, ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనడు. ఏది అడిగినా "చూద్దాం" అంటాడు కాబట్టి దీవి జనం ఆయనకు చూద్దాంగారని పేరు పెట్టారు.

పదకొండేళ్ల కింద ఒకరోజు చూద్దాంగారు ఇనుపమెట్లెక్కి వచ్చి, "అమ్మా, ఎంతుంది?" అన్నాడు.

"ఇరవై ఎనిమిది సార్."

"ఇవాళ ఐదుగురే ప్యాసింజర్లు. ఐదుగురి కోసం విమానం తిప్పితే ఆఫీసువాళ్లు నా మీద పడతారు. ముప్పై ఒకటి రాయండి. మూడంకెలేగా, గాలికి ఏం తెలుస్తుంది?"

ఆమె రాసింది. మూడంకెలతో మొదలైంది. తర్వాత ఐదు, పది. ఒక ఏడాది తిరిగేసరికి చూద్దాంగారు మెట్లెక్కడం కూడా మానేశాడు. కిందనుంచి ఫోన్ చేసి "ఇవాళ గాలమ్మా" అంటే చాలు, ఆమె చెయ్యి దానంతట అదే నడిచేది. కిందికి దిగొస్తుంటే బెంచీల మీద మనుషులు కనిపించేవారు. అవతలి ఒడ్డున తల్లి పోయిందని కబురొచ్చిన తాపీమేస్త్రీ ఒకసారి కౌంటరు మీద తలపెట్టి ఏడ్చాడు. ఆమె అతని పక్కనుంచే ఇంటికి వెళ్లి అన్నం తిన్నది. మొదట్లో ముద్ద దిగేది కాదు. తర్వాత దిగింది.

గాలక్కకు ఒక చెల్లెలుంది. పెళ్లి చేసుకోలేదు. అక్క ఇంటికి నాలుగిళ్ల అవతల ఒంటిగది ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. దీవిలో సగం రవికలు, స్కూలు యూనిఫారాలన్నీ ఆమె చేతిమీదుగా వచ్చినవే. చేతి కుట్టు ఎంత సన్నగా వేసేదంటే, తిరగేసి చూసినా ఎటు లోపలో ఎటు బయటో తెలిసేది కాదు. నోరు మాత్రం కత్తెరే. "మీ గాలి దేవత ఏమంటోందే ఇవాళ?" అని అక్కను రోజూ ఆటపట్టించేది.

ఒక ఆదివారం పొద్దున ఆ చెల్లెలు అక్క గుమ్మంలోకి వచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"అక్కా, కుడికంట్లో రాత్రినుంచీ మెరుపులొస్తున్నాయి. ఇప్పుడు పక్కనుంచి నల్లటి తెర దిగుతున్నట్టుంది. చెయ్యి పెట్టి తోసేద్దామనిపిస్తోంది."

ఇద్దరూ ఆరోగ్యకేంద్రానికి పరిగెత్తారు. డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. కంటి లోపలి పొర ఊడుతోందని చెప్పింది. నడిమి భాగం ఇంకా అంటుకునే ఉందట. అది ఊడేలోపు ఆపరేషన్ జరగాలి, అది అవతలి ఒడ్డున పెద్దాసుపత్రిలోనే అవుతుంది.

"ఎన్నాళ్లు ఆగుతుందమ్మా?" అంది గాలక్క.

"రెండు రోజులు. మహా అయితే మూడు. రేపు విమానముందిగా, ఎక్కించెయ్యండి. నేను పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తాను."

గాలక్క తానే కౌంటరుకు వెళ్లి సోమవారం టికెట్టు రాయించింది. తోడుగా మొగుడు వెళ్లేలా మాట్లాడింది.

సోమవారం పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. అద్దం వెనక ముల్లు ఆరు దగ్గర నిద్రపోతోంది. గాలక్క పుస్తకం తెరిచి తేదీ వేసింది. అప్పుడు ఇనుపమెట్ల మీద బూట్ల చప్పుడైంది. చాలా ఏళ్ల తర్వాత చూద్దాంగారు స్వయంగా పైకి వస్తున్నాడు.

"అమ్మా, ముప్పై ఎనిమిది వేసుకోండి."

"సార్, ఆకు కదలట్లేదు."

"ఆకుల సంగతి మనకెందుకు? అవతల ఎవరో పెద్దవాళ్లు విమానం మొత్తం మాట్లాడుకున్నారు. విహారానికట. మనవైపు ఏడుగురే."

"ఆ ఏడుగురిలో మా చెల్లెలుంది సార్. కన్ను పోతుంది."

చూద్దాంగారి ముఖం నిజంగానే చిన్నబోయింది. ఆయన చెడ్డవాడు కాదని దీవిలో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"డాక్టరు ఎన్ని రోజులన్నారు?"

"రెండు. మహా అయితే మూడు."

"మూడంటే బుధవారం. బుధవారం మొదటి సీటు మీ చెల్లెలిది. నేను చేత్తో రాసిస్తాను. ఇవాళ మాత్రం నా వల్ల కాదమ్మా. మీరు రాయకపోతే ఆఫీసువాళ్లు రాసే మనిషిని పంపుతారు. అప్పుడు బుధవారం మీ చెల్లెలి కోసం మాట్లాడేవాళ్లు కూడా ఇక్కడ ఉండరు."

ఆమె "రెండు" అన్న మాటను వదిలేసి "మూడు" అన్న మాటను పట్టుకుంది. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు పట్టుకుందని అందామంటే, మునుగుతున్నది ఆమె కాదు. ముప్పై ఎనిమిది వేసి సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు. కనీసం వణికి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

కిందికి వచ్చేసరికి కౌంటరు పిల్ల విమానం రావడం లేదని అప్పటికే మైకులో చదివేసింది. చెల్లెలు మూడో బెంచీ మీద చిన్న సంచి ఒళ్లో పెట్టుకుని, కుడికన్ను మూసుకుని కూర్చుంది. పక్కన బావ పళ్లు కొరుకుతున్నాడు.

"అక్కా, గాలుందా? ఇక్కడ ఏమీ తెలీట్లేదే."

"పైన ఉందమ్మా. కిందికి తెలీదు" అంది గాలక్క.

చెల్లెలు తలూపింది. "నువ్వు చూశావుగా, అయితే ఉండే ఉంటుంది."

మంగళవారం తెర సగం దాకా దిగింది. బుధవారం తెల్లవారకముందే దీవి మీద నిజమైన గాలి విరుచుకుపడింది. హాలు మీది రేకు ఒకటి లేచిపోయి గడ్డిలో పడింది. ముల్లు యాభై రెండు చూపించింది. గాలక్క యాభై రెండని రాసి, ఫోన్లో చెప్పి, ఫోను పెట్టెయ్యకుండా అలాగే నిలబడింది. చూద్దాంగారు కిందనుంచి అదే లైనులోకి వచ్చి అడిగాడు: "నిజంగానే ఉందా?"

"నిజంగానే ఉంది సార్."

"అరెరె" అన్నాడు. తర్వాత ఫోన్లో ఆయన చిన్నగా నవ్వినట్టు వినిపించింది. బహుశా ఏం చెయ్యాలో తెలియక నవ్వి ఉంటాడు.

శుక్రవారం విమానం వచ్చింది. చెల్లెల్ని ఎక్కించారు. పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు చూసి, "సోమవారం సాయంత్రం వచ్చి ఉంటే మళ్లీ సూదిలో దారం ఎక్కించేది" అన్నాడట. ఆపరేషన్ చేశారు. పొర అతుక్కుంది, చూపు రాలేదు. ఆ కంటికి వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. రెండో కంట్లో కూడా పొర అక్కడక్కడ పలచబడిందని, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోకపోతే అదీ ఇదే దారి పడుతుందని చెప్పి పంపించారు.

చెల్లెలు తిరిగొచ్చి వారం రోజులు పడుకుంది. ఎనిమిదో రోజు లేచి, ఎడమకంటితో, గజిబిజి అక్షరాలతో కంపెనీకి ఫిర్యాదు రాసింది. సోమవారం విమానం ఎందుకు రాలేదో చెప్పండి, అంతే అడిగింది. జవాబు నెలకు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆమె మధ్యాహ్నం అక్క ఇంటికి వచ్చింది. గాలక్క వంటగదిలో గిన్నెలు తోముతోంది. మొగుడు బయట పంపు విప్పుకుని కూర్చున్నాడు.

చెల్లెలు నిలబడే చదివింది. "'తీవ్రమైన గాలుల కారణంగా విమానం నిలిపివేయబడినది. మీకు కలిగిన అసౌకర్యానికి సంస్థ బాధ్యత వహించజాలదు. గాలి నమోదు పుస్తకం నకలు జతపరిచాము.' ఇదుగో నకలు. ముప్పై ఎనిమిది. కింద నీ సంతకం."

గాలక్క కొళాయి కట్టలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

"ఆ పొద్దున బయల్దేరేముందు మా మెట్ల మీద కూర్చున్నానక్కా. ఒళ్లో దారప్పోగులున్నాయి. ఒక్కటంటే ఒక్కటి ఎగరలేదు. అయినా నువ్వు ఉందన్నావని, నా కళ్లకే ఏదో అయిందనుకున్నాను." ఆమె గొంతు పెంచలేదు. "నేను ఎక్కాలని తెలిసి రాశావా, తెలియక రాశావా? అదొక్కటి చెప్పు."

"బుధవారం తప్పకుండా పంపుతానన్నాడే..."

"అది కాదు నేనడిగింది."

"తెలిసే రాశాను."

చెల్లెలు కాగితం మడిచింది. రెండుసార్లు మడత తప్పింది. మూడోసారి అంచులు కలిశాయి. బయటికి వెళ్తూ గడప దూరం అంచనా తప్పి కాలు కొట్టుకుంది. బావ లేచి పట్టుకోబోతే చెయ్యి విదిలించేసింది.

ఆ రాత్రి గడిచాక గాలక్క విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ కార్యాలయానికి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పదకొండేళ్లలో గాలి లేకుండా గాలి రాసిన రోజులు తనకు గుర్తున్నంతవరకు రెండు వందల పైమాటేనని, రాయించింది ఎవరో, ఎందుకో, అంతా రాసింది. మొగుడు అడ్డం పడ్డాడు.

"ఇప్పుడు రాస్తే కన్నొస్తుందా? పామును కొట్టేవాడు తల మీద కొట్టాలి, తోక మీద కొడితే కాటేస్తుంది. నువ్వు కొట్టేది దాని తోక కూడా కాదు."

"తెలుసు" అని ఆమె కవరు అంటించింది.

పాము కాటేసింది. కంపెనీ పది రోజుల్లో జవాబిచ్చింది. సదరు ఉద్యోగిని సొంత బుద్ధితో తప్పుడు అంకెలు రాసిందని, ఆమె మాట నమ్మి కంపెనీ కూడా మోసపోయిందని, విచారణ పూర్తయ్యేదాకా దీవికి విమానాలు నడపడం క్షేమం కాదని ప్రకటించింది. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. విమానం ఆగిపోయింది.

మొదటి వారం జనం కంపెనీని తిట్టారు. గాలక్క ధైర్యాన్ని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. రెండో వారం మందుల దుకాణంలో చక్కెర జబ్బు ఇంజెక్షన్లు అయిపోయాయి. నెలలు నిండిన ఒక గర్భిణికి నొప్పులు వచ్చి బిడ్డ అడ్డం తిరిగితే, డాక్టరమ్మ తన చేతుల్లో ఉన్నదంతా చేసింది. తల్లి బతికింది. మూడో వారం జనం గాలక్క ఇంటికి వచ్చారు. తల్లి చావుకు వెళ్లలేకపోయిన తాపీమేస్త్రీయే అందరికంటే ముందున్నాడు.

"అబద్ధం రాసినన్నాళ్లూ వారానికి ఒక్కసారైనా విమానం వచ్చేది" అన్నాడు అతను. "నువ్వు నిజం చెప్పి అదీ లేకుండా చేశావు. చెప్పదలుచుకున్నదానివి ఆ రోజు మా అమ్మప్పుడు చెప్పొద్దా? నీదాకా వస్తేగాని నొప్పి తెలీలేదా?"

అతను అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు.

నాలుగో వారం చూద్దాంగారు స్కూలు హాల్లో సమావేశం పెట్టించాడు. బల్ల మీద ఒక మహజరు కాగితం. సంస్థ సేవలకు దీవి ప్రజలు ఎంతో రుణపడి ఉన్నారని, ఎవరికీ ఎలాంటి ఫిర్యాదులూ లేవని, దయచేసి విమానం పునరుద్ధరించమని దాని సారాంశం. పాత ఫిర్యాదులున్నవాళ్లు వాటిని ఉపసంహరించుకుంటున్నట్టు పక్కన ఇంకో కాగితం. జనం వరసలో నిలబడి సంతకాలు పెట్టారు. కొందరు వేలిముద్రలు వేశారు. చనిపోయిన బిడ్డ తండ్రి కూడా వేశాడు, రెండో బిడ్డ జ్వరంతో ఉందట.

గాలక్క హాలు తలుపు దగ్గర నిలబడి చూసింది. వరసలో చెల్లెలుంది. బల్ల దగ్గరికి వచ్చాక చూద్దాంగారు మర్యాదగా లేచి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. ఆమె కాగితం మీదికి వంగి, ఎడమకన్ను బాగా దగ్గరపెట్టి, రెండు కాగితాల మీదా పెట్టింది.

బయటికి వస్తుంటే గాలక్క దారికి అడ్డం వెళ్లింది. "నువ్వూనా? నీ కోసమే కదా నేను..."

"నా కోసమా?" చెల్లెలు ఆగింది. "నా కోసం చెయ్యాల్సిన పని ఆ సోమవారం ఉండింది. ఇది నీ కోసం. ఇంకో నెలలో నేను ఆసుపత్రికి వెళ్లాలి. ఈత కొట్టుకుంటూ వెళ్లనా? ఒక కన్ను నీ ఉద్యోగానికి ఇచ్చాను. ఉన్న ఈ ఒక్కటీ నీ నీతికి ఇమ్మంటావా?"

ప్రభుత్వ కార్యాలయం గాలక్కను అవతలి ఒడ్డుకు స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పమని రాసింది. విచారణ తారీఖు ఒక గురువారం. విమానాలు మళ్లీ మొదలైంది దాని తర్వాతి సోమవారం. ఫోన్లో చెబుతానంటే కుదరదన్నారు. కన్ను పోయిన ఫిర్యాదుదారే తన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నందున, సాక్షి గైర్హాజరు అయినందున, సంస్థను ఇకమీదట జాగ్రత్తగా ఉండమని హెచ్చరించి, తప్పుడు నమోదు చేసిన ఉద్యోగిని మరెక్కడా ఇలాంటి పని చెయ్యరాదని తేల్చి ఫైలు మూసేశారు. చూద్దాంగారికి అవతలి ఒడ్డున పెద్ద ఆఫీసులో పై ఉద్యోగమిచ్చారు. వెళ్లేముందు గాలక్క ఇంటికి వచ్చి, "మీ విషయం అక్కడికి వెళ్లాక చూద్దాం" అన్నాడు. మొగుడు చేతిలోని పానా కింద పెట్టకుండా ఆయన్ని గేటు దాకా సాగనంపాడు.

గాలక్క ఇప్పుడు ఆరోగ్యకేంద్రంలో దుప్పట్లు ఉతుకుతోంది. చెల్లెలు కుట్టుపని మానలేదు గాని, సన్నపని ఎవరూ ఇవ్వడం లేదు. యూనిఫారాలకు వేరే మనిషిని చూసుకున్నారు. దిండు గలీబులు, గోనెసంచులు వస్తున్నాయి. అక్కాచెల్లెళ్లు వీధిలో ఎదురుపడితే చెల్లెలు అక్క తన కుడివైపు ఉండేలా దాటుతుంది. చూడలేదనడానికి ఆమెకు ఒక సాకుంది.

విమానం మళ్లీ మొదలైన ఆ సోమవారం చెల్లెలు ఆసుపత్రికి బయల్దేరింది. బావ తోడు వెళ్లాడు. గాలక్కను హాల్లోకి రానివ్వరు కాబట్టి ఆమె ఇనుప కంచె బయట నిలబడింది. మేడ మీద గదిలో ఎవరో కొత్త మనిషి. బెంచీల మీద ఇరవై మందికి పైగా ఉన్నారు. తొమ్మిదీ పదికి ఆకాశంలో చిన్న చుక్క కనిపించింది. అది పెద్దదై, రెక్కలు తేలి, సరిగ్గా చెప్పిన వేళకు నల్లదారి మీద చక్రాలు ఆనించింది.

హాల్లో జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. విమానం వేళకు వచ్చినందుకు కొట్టారు. కొందరి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తాపీమేస్త్రీ ఈలవేశాడు. విమానంలోంచి దిగిన పైలట్ ఏం జరుగుతోందో అర్థంకాక టోపీ తీసి చెయ్యి ఊపాడు.

గాలక్క కంచె కడ్డీల మధ్యనుంచి చెల్లెలి కోసం వెతికింది. ఆమె మూడో వరసలో నిలబడి ఉంది. సంచి చంకలో ఇరికించుకుని, విమానం ఉన్న వైపుకు ఎడమకన్ను తిప్పి, ఆమె కూడా చప్పట్లు కొడుతోంది.